చూసినవారి పేరు

నేను ఒక పనుల జాబితాను. గోడకు తగిలించే పలకను కాదు, జేబులో మడిచి పెట్టుకునే చీటీనీ కాదు. ఒక పాత లాప్‌టాప్‌లో, నల్లటి తెర మీద ఒకదాని కింద ఒకటి వచ్చే అక్షరాల వరసలను. మీ ఫోనులో ఒక్క ఫొటో పట్టే చోట నాలాంటివి వేయి పడతాయి. నాకు బొమ్మల్లేవు, రంగుల్లేవు, గంట కొట్టి గుర్తు చేసే అలవాటు లేదు. అడిగితే చెబుతాను. అడగకపోతే ఊరుకుంటాను. నేను పడ్డ భయమంతా ఆ ఊరుకోవడంలోనే ఉంది.

నేను పుట్టింది సముద్రం ఒడ్డున చింతలమొగ అనే ఊళ్ళో, ఒక రొయ్యల ఫ్యాక్టరీలో. చెరువుల నుంచి రొయ్యలు మంచుపెట్టెల్లో వస్తాయి. తెల్ల కోట్లు, టోపీలు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు పొద్దుటి నుంచి నిలబడి వాటి తలలు తీసి, తొక్క వలుస్తారు. ఆ గదిని పీలింగ్ హాలు అంటారు. వలిచిన రొయ్య ఫ్రీజరులోకి పోయి, రాయిలా గడ్డకట్టి, కంటైనరు ఎక్కి, ఓడ ఎక్కి, ఈ ఊరి పేరు పలకలేని వాళ్ళ పళ్ళేల్లోకి చేరుతుంది.

ఇంత చల్లదనం పుట్టించేది అమ్మోనియా. పైపుల్లో తిరుగుతున్నంతసేపూ అంత నమ్మకమైన పనివాడు లేడు. బయటికొస్తే మాత్రం తడి ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతుంది. మనిషిలో తడి ఉండేది కళ్ళలో, గొంతులో, ఊపిరితిత్తుల్లో. అక్కడికి చేరి కాలుస్తుంది.

నన్ను పుట్టించినాయన పేరు దానియేలు. ఓడల ఇంజను గదుల్లో పంతొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చి, ఈ ఫ్యాక్టరీలో మరమ్మతుల విభాగం చూసేవాడు. ఓడ మీద ఆయన స్నేహితుడొకడు పోయాడు. ఎలా పోయాడని ఎవరైనా అడిగితే, "ఒక పని ఇద్దరి మధ్యన జారిపోయింది" అనేవాడు తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదు. వాడు చేశాడని ఒకరు, వీడు చేస్తాడని ఇంకొకరు అనుకున్నారన్నమాట. ఆ జారిపోయిన పనిని ఆయన జీవితమంతా వెతుకుతూనే ఉన్నాడు.

మొదట పనులన్నీ పుస్తకంలో రాసుకునేవాడు. ఆ ఫ్యాక్టరీలో పొడిగా ఉండే వస్తువంటూ లేదు. సిరా అలుక్కుపోయేది. ఒకసారి ముఖ్యమైన పేజీ ఎవరో చింపి మిరపకాయ బజ్జీలు చుట్టుకున్నారు. అదే వారం ఆఫీసువాళ్ళు, కొత్త సాఫ్ట్‌వేర్లు మోయలేదని ఒక లాప్‌టాప్‌ను చెత్తబుట్ట పక్కన పెడితే, ఆయన దాన్ని తెచ్చుకుని, పాత యంత్రాల మీద కూడా నడిచే లినక్సు ఎక్కించాడు. ఆ తరవాత నాలాంటి జాబితాలను నడిపే ఒక చిన్న ప్రోగ్రాము దించుకున్నాడు. ఎవరో ఎక్కడో కూర్చుని రాసి, వాడుకోండి, లోపల విప్పి చూసుకోండి, మీకు నచ్చినట్టు మార్చుకోండి, పదిమందికీ ఇవ్వండి అని లోకానికి వదిలేసిన ప్రోగ్రాము అది. ఓపెన్ సోర్స్ అంటారు. మౌసు అక్కర్లేదు. నల్ల తెర మీద ఒక మాట కొట్టి, పక్కన పని పేరు రాస్తే చాలు, అది నాలో ఒక లైనుగా వచ్చి చేరుతుంది.

ఆ ప్రోగ్రామును ఆయన నిజంగానే విప్పాడు. ఇంగ్లీషు ఆదేశాలు తీసేసి తెలుగు మాటలు పెట్టాడు. పని చేర్చాలంటే 'చేర్చు'. ఉన్న పనులన్నీ చూడాలంటే 'చూపు'. పని ముగిస్తే 'అయింది'. ఇంకొక మార్పు కూడా చేశాడు. 'అయింది' అని కొట్టగానే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: 'కళ్ళతో చూసినవారు ఎవరు?' ఒక పేరు రాస్తే తప్ప ఆ లైను నాలోంచి కదలదు. రాశాక తేదీతో, ఆ పేరుతో, అయిన పనుల ఫైలులోకి వెళ్ళిపోతుంది. అది నా పక్కనే ఉంటుంది, కానీ దాన్నెవరూ తెరవరు. అయిపోయిన పని ముఖం చూసే తీరిక మనుషులకుండదు.

మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. జాబితా రాసి పెడితే సగం పని అయినట్టు వాళ్ళకు హాయిగా ఉంటుంది. చేసేసిన పనిని కూడా కొత్తగా రాసి, వెంటనే 'అయింది' కొట్టి సంతోషించేవాళ్ళున్నారు. ఒకసారి ఆఫీసు నుంచి వచ్చినాయన ఒకడు, గేటు మీద పేరు పలకకు రంగు వేయించడం అన్నిటికన్నా అత్యవసరమని నా నెత్తిన పెట్టి పోయాడు. దానియేలు నవ్వుకుని దాన్ని అడుగుకు దించాడు.

ఆయన అరవైరెండో ఏట, చెవులు బొత్తిగా వినపడక, ఉద్యోగం మానేశాడు. నన్ను సువర్చల చేతిలో పెట్టాడు. పాలిటెక్నిక్ చదివి, ఆయన దగ్గరే నాలుగేళ్ళు పని నేర్చుకున్న అమ్మాయి. మరమ్మతుల విభాగంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. వెళ్ళే రోజున ఆయన లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి చెప్పాడు.

"అమ్మాయ్, ఇందులో చెయ్యని పని వంద రోజులున్నా ఫరవాలేదు. చూడని పని చూసినట్టు ఒక్కటి రాశావంటే మాత్రం, మర్నాటి నుంచి మిగతా లైన్లు కూడా నువ్వు నమ్మలేవు."

"అలాగే సార్," అంది ఆమె, బాగా వినపడేలా గట్టిగా.

నేనుండే బల్ల, అమ్మోనియాను పైపుల్లో తిప్పే కంప్రెసర్ల పక్క గదిలో, పీలింగ్ హాలు వైపున్న గాజు కిటికీని ఆనుకుని ఉండేది. హాలుకు రెండు తలుపులు. ముందు తలుపు బట్టలు మార్చుకునే గదిలోకి తెరుచుకుంటుంది. వెనక తలుపుకు ఎప్పుడూ తాళమే. తెరిచి ఉంటే ఆడవాళ్ళు బయటికి పోతారని, రొయ్యలు పోతాయని. ముందు తలుపు మీదుగా, చూరు కింద, ఫ్రీజరు వైపు ఒక లావుపాటి అమ్మోనియా పైపు వెళుతుంది. చల్లదనం పోకుండా దానికి తెల్లటి తొడుగు చుట్టారు. ఆ తొడుగు లోపల ఎన్నేళ్ళుగా చెమ్మ చేరిందో, ఇనుమును ఎంత తినేసిందో ఎవరికీ తెలియదు. దానియేలు వెళ్ళేముందు నాలో చేర్చిన చివరి లైను అదే: 'ముందు తలుపు మీది పైపు — తొడుగు విప్పి తుప్పు చూడాలి.' అన్నిటికన్నా ముందు చేయవలసిన పని అని గుర్తు కూడా పెట్టాడు.

దానికి ఫ్యాక్టరీ రెండు రోజులు ఆపాలి. పైపులోంచి అమ్మోనియా అంతా వెనక్కి లాగాలి. సువర్చల మేనేజరు ఫణీంద్రను అడిగింది. సీజను దాటాక చూద్దామన్నాడు. రొయ్యల ఫ్యాక్టరీలో సీజను ఎప్పుడు దాటుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

రోజూ పొద్దున్నే ఆమె వచ్చి 'చూపు' అని కొడుతుంది. నేను చూపిస్తాను. మొదటి లైను అదే. ఆమె దాన్ని చదివి, కిందికి చూసి, మిగతా పనులకు వెళుతుంది. పదో రోజు, ఇరవయ్యో రోజు, నలభయ్యో రోజు. ఒక లైను అన్నాళ్ళు అలా పైన ఉండిపోతే మనిషి కళ్ళు దాని మీంచి జారిపోవడం మొదలుపెడతాయి. నేను భయపడ్డది దానికి. కానీ సువర్చల కళ్ళు జారలేదు. ప్రతిసారీ అక్కడే ఒక్క క్షణం ఆగేవి.

పైపు కింద బల్ల దగ్గర వీరమణి అనే ఆవిడ నిలబడేది. పద్దెనిమిదేళ్ళుగా అదే చోటు. చూడకుండా నిమిషానికి ఎన్ని రొయ్యలైనా వలిచే చేతులు. యాభై రెండో రోజు ఆవిడ మా గది గుమ్మం దాకా వచ్చింది.

"మేడంగారండీ, పొద్దుట్నించీ వాసనొత్తందండి. కళ్ళు మంటలెత్తిపోతన్నాయి."

"బల్లలు కడిగే క్లోరిన్ నీళ్ళేమో అక్కా?"

"క్లోరిన్ వాసన నాకు తెల్దేటండి? ఇది వేరు. ముక్కు లోపలికెల్లి పొడుత్తంది."

కంప్రెసర్లు నడిపే అబ్బులు కూడా తల ఊపాడు. యాభై దాటిన మనిషి, పైపు మీద అరచెయ్యి పెట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పగలడు. "నాక్కూడా అనుమానంగానే ఉందండి," అన్నాడు.

మధ్యాహ్నం ఆడవాళ్ళు భోజనాలకు వెళ్ళినప్పుడు సువర్చల నిచ్చెన వేసుకుని పైకెక్కింది. గంధకం పుల్ల వెలిగించి పైపు వెంట నడిపింది. అమ్మోనియా లేని చోట ఆ పుల్ల నుంచి వచ్చే పొగ కంటికి ఆనదు. ఉన్న చోట తెల్లగా చిక్కబడుతుంది. మూడు మూరలు జరిపింది, ఏమీ లేదు. తొడుగు అతుకు దగ్గరకు రాగానే పుల్ల చుట్టూ తెల్లటి పొగ దారంలా లేచింది.

ఆమె దిగింది. మెట్టుమెట్టుకూ ఆగుతూ దిగింది. వచ్చి నాలో మొదటి లైను కింద గమనికగా రాసింది: 'అతుకు దగ్గర కారుతోంది. గంధకం పుల్లతో చూశాను.' 'చూశాను' అన్న మాట రెండుసార్లు తప్పు కొట్టి దిద్దింది.

ఫణీంద్ర చెడ్డవాడని చెప్పి ఈ కథను తేలిక చేసుకోలేను. మూడేళ్ళ కిందట కొనేవాళ్ళు సరుకు తిప్పి పంపినప్పుడు ఫ్యాక్టరీ రెండు నెలలు మూతపడింది. ఆ రెండు నెలలూ గేటు ముందు నిలబడిన ఆడవాళ్ళను రోజూ చూసినవాడు. ఇప్పుడు కొనేవాళ్ళ తరఫున తనిఖీకి మనుషులు వస్తున్నారు. మరమ్మతుల జాబితా కూడా చూస్తారు. అతను భయపడుతున్నాడు. భయపడినవాడు ఎప్పుడూ దగ్గర్లో ఉన్న భయాన్నే చూస్తాడు, తలమీదున్న దాన్ని చూడడు. కారుతున్న అతుకుకు బయటి నుంచి పట్టీ వేయించి, తొడుగు మీద నిగనిగలాడే కొత్త అల్యూమినియం రేకు చుట్టించాడు. వాసన తగ్గింది. అప్పుడు మా గదికి వచ్చి తెర వైపు చూశాడు.

"ఇంకా ఇది పైనే ఉందేంటి సువర్చల గారూ? అయిపోయింది కదా."

"తొడుగు విప్పలేదు సార్. లోపల చూడలేదు."

"కారట్లేదు కదా?"

"ఇప్పటికి కారట్లేదు సార్."

"రేపొచ్చేవాళ్ళకి 'ఇప్పటికి' అనే మాట అర్థం కాదమ్మా. ముందు వరస పని అరవై రోజులుగా పెండింగంటే ఆర్డరు రద్దు చేసి పోతారు. హాల్లో ఎంతమందున్నారో తెలుసుగా? వాళ్ళకి మీరు చెప్తారా రేపణ్ణించి రావద్దని?" గొంతు తగ్గించాడు. "వాళ్ళు వెళ్ళిన మర్నాడు ఆపేద్దాం. నా మాట. ఇప్పుడు తీసేయండి."

ఆమె కుర్చీలో కూర్చుంది. అతను వెనకే నిలబడ్డాడు. ఫోను చేతిలోకి తీసుకుంది. దానియేలు నంబరు తెర మీదికి వచ్చింది. మళ్ళీ బల్ల మీద బోర్లా పెట్టేసింది. 'అయింది 1' అని కొట్టింది.

నేను అడగవలసింది అడిగాను. కళ్ళతో చూసినవారు ఎవరు?

నాకు ఊపిరి లేదు. ఉంటే అప్పుడు బిగబట్టి ఉండేదాన్ని. అతని పేరు రాస్తుందనుకున్నాను. ఖాళీ వదిలి లేచిపోతే బాగుండుననుకున్నాను. ఆమె తన పేరు రాసింది. సువర్చల.

లైను కదిలిపోయింది. రెండో లైను మొదటిదైంది: 'మంచు గది బల్బు మార్చాలి.'

మర్నాడు పొద్దున ఆమె 'చూపు' అంటే నేను చూపించాను. బల్బు, బెల్టు, నూనె, మీటరు. ఆ పైపు లేదు. అది నాలో లేదు కనుక చూపించలేను. ఎక్కడుందో నాకు తెలుసు, పక్క ఫైలులో, అయిపోయినవాటి మధ్య, కళ్ళు మూయించిన మనిషిలా పడి ఉంది. కేక వేయడానికి నాకు నోరిచ్చినవాడు లేడు. పనులు మరిచిపోకుండా ఉండడానికి పుట్టినదాన్ని, ఆ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ముఖ్యమైన పనిని మరిచిపోయినట్టు నటించే వస్తువునైపోయాను.

తనిఖీవాళ్ళు వచ్చారు, మెచ్చుకున్నారు, వెళ్ళారు. మర్నాడు ఫ్యాక్టరీ ఆగలేదు. ఆ వారం రెండు కంటైనర్లు కట్టాలట.

సువర్చల టిఫిను డబ్బా తెరిచి మూసేసేది. ఆ తరవాత ఆమె చేసిన పనులు చూస్తే, ఏం జరగబోతోందో ఆమెకూ తెలుసని నాకర్థమైంది. రోజూ చేయవలసిన పనులని మూడు లైన్లు చేర్చింది. 'వెనక తలుపు తాళం తీయించాలి.' 'హాలులో తడి గుడ్డలు, నీళ్ళ బకెట్లు పెట్టాలి.' 'అబ్బులుతో వాల్వు సాధన.' తాళం కోసం కాపలా అతనితో రోజూ గొడవే. పైపు పని ఉందని చెప్పి తాళంచెవి తీసుకునేది. వీరమణిని ముందు తలుపు దగ్గర నుంచి హాలు మధ్యకు మార్పించింది.

"ఎందుకండీ? ఆ బల్ల నాకు అలవాటైపోయింది," అంది వీరమణి.

"అక్కడ వెలుతురు బాగుంటుందక్కా," అంది సువర్చల, ఆవిడ ముఖం వైపు చూడకుండా.

అబ్బులును మాత్రం పట్టుకుని, అమ్మోనియాను హాలు వైపు పంపే పెద్ద వాల్వు దగ్గరికి రోజూ పరిగెత్తించేది. వాళ్ళు దాన్ని కింగు వాల్వు అంటారు. "కళ్ళు మూసుకుని ఎన్ని అడుగులు అబ్బులు గారూ?"

"పదిహేడండి. మొన్న పందొమ్మిదయ్యేయి."

"మళ్ళీ ఒకసారి."

అతను ఎందుకని అడగలేదు. కళ్ళకు తువ్వాలు కట్టుకుని నడిచేవాడు.

సువర్చల తన పేరు రాసిన తొమ్మిదో రోజు, పదకొండుంబావుకు, ఒక చప్పుడైంది. పెద్దదేమీ కాదు. చీర చిరిగినట్టు. తరవాత బుసబుసమని ఆగకుండా ఒక శబ్దం. కిటికీ అవతల ముందు తలుపు కనిపించలేదు. తెల్లటి మబ్బు ఒకటి చూరు నుంచి కిందికి దిగుతూ, బల్లలను ఒక్కొక్కటే మింగుతోంది. లోపలి నుంచి వచ్చిన అరుపు ఎనభై ఆరుమందిదని తరవాత తెలిసింది. వినడానికి ఒక్క గొంతులాగే ఉంది.

సువర్చల గదిలోంచి దూసుకుపోయింది. "వెనక తలుపు! వెనక తలుపుకి పొండి! గుడ్డలు తడిపి మొహాన పెట్టుకోండి!" ఆమె గొంతు ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తడం నేను విన్నాను. కంప్రెసర్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. అబ్బులు నా పక్క నుంచి వెళ్ళాడు, ముఖానికి తడి తువ్వాలు, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ. లెక్క పెట్టుకుంటున్నాడు.

వాల్వు మూతపడింది. బుస సన్నబడింది, కానీ మబ్బు అలాగే ఉంది. పైపులో మిగిలింది ఇంకా వస్తోంది. బయట ఆవరణలో ఆడవాళ్ళను లెక్కపెట్టారు. ఎనభై అయిదు.

వీరమణి లేదు.

హాలు మధ్య నిలబడ్డ మనిషి వెనక తలుపుకు పోవాలి. కానీ పద్దెనిమిదేళ్ళు ఆవిడ ముందు తలుపులోంచే వచ్చింది, ముందు తలుపులోంచే వెళ్ళింది. భయం వేసినప్పుడు కాళ్ళు తలను అడగవు. ఆవిడ మబ్బులోకే పరుగెత్తింది.

సువర్చల తడి కోటు తలమీంచి కప్పుకుని మళ్ళీ లోపలికి పోయింది. ఎంతసేపో నేను చెప్పలేను. నా లోపలి గడియారం ఒక నిమిషం నలభై సెకన్లంది. గడియారాలకు కూడా కొన్ని తెలియవు. ఇద్దరూ పాకుతూ బయటపడ్డారు. ఎవరూ చావలేదు. వీరమణి కుడి కన్ను పోయింది. అబ్బులు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి గొంతు గరగరమనే గుసగుస మాత్రమే మిగిలింది.

విచారణకు అధికారి వస్తున్నారని తెలిసిన రోజున ఫణీంద్ర ఒక కాగితం అచ్చు తీయించుకున్నాడు. నా పక్క ఫైలులోని ఒకే ఒక్క లైను. పైపు పని, అయింది, తేదీ, చూసినవారు సువర్చల. మరమ్మతుల విభాగం పని పూర్తయిందని రాసిస్తే నేను నమ్మాను అన్నది అతని మాట.

అబ్బులు మెడకు తువ్వాలు చుట్టుకుని మా గదికి వచ్చాడు. సువర్చల లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. అతను వంగి ఆమె చెవి దగ్గర చెప్పాడు.

"అమ్మా, ఇదంతా ఉత్త అచ్చరాలే కదండీ. మీ పేరు చెరిపేసి ఆయన పేరు కొట్టీండి. చేయించింది ఆయనే కదా. ఎవరికి తెలుత్తది?"

అతను చెప్పింది నిజమే. నేను ఉత్త అక్షరాలను. నాకు తాళాల్లేవు, ముద్రల్లేవు. ఎవరు తెరిస్తే వాళ్ళవి. ఆమె ఆ ఫైలును తెరిచింది. తన పేరు చివరన ఆగింది. ల పోయింది. ర్చ పోయింది. వ పోయింది. సు పోయింది. చూసినవారు అన్న మాట పక్కన ఖాళీ చోటు, అందులో ఆరుతూ వెలుగుతూ చిన్న గీత. మబ్బు దిగినప్పటికంటే నేను అప్పుడే ఎక్కువ భయపడ్డాను. అప్పుడు పోయింది ఇనుము. ఇప్పుడు ఆమె పోతోంది.

ఆమె తన పేరు మళ్ళీ కొట్టింది. దాని కింద ఒక గమనిక చేర్చింది: 'నేను చూడలేదు. చూసినట్టు రాశాను. రాయమన్నది మేనేజరు ఫణీంద్ర గారు. రాసింది నేను.'

"ఏటమ్మా ఇది!" అన్నాడు అబ్బులు. గొంతు పెగలక దగ్గు వచ్చింది.

ఆమె నాలో ఒక కొత్త లైను చేర్చి, ముందు వరస గుర్తు పెట్టింది: 'వీరమణక్కకు చెప్పాలి.' నన్ను ఒక పెన్‌డ్రైవులోకి నకలు తీసుకుంది. లాప్‌టాప్ తీసుకెళ్ళి అధికారి ముందు పెట్టింది. అది అట్టపెట్టెలో సీలు పడి వెళ్ళిపోయింది. అందులో ఉన్న నేను కోర్టు బీరువాలో ఉన్నాను. పెన్‌డ్రైవులో ఉన్న నేను ఈ కథ చెబుతున్నాను. నాలాంటివాటికి ఇది మామూలే.

వీరమణి దగ్గరికి ఆమె వెళ్ళింది. అక్కడ జరిగింది ఆ లైను కింద గమనికగా రాసింది కాబట్టి నాకు తెలుసు. వీరమణి కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని అంతా విన్నది.

"పుల్లెలిగించి చూసేవు కదా. పొగొచ్చింది కదా," అంది.

"వచ్చిందక్కా."

"మేనేజరుకి చెప్పేవు. అబ్బులుకి చెప్పేవు. ఆ కంప్యూటరుకి చెప్పేవు. కింద నిలబడ్డది నేను. నాకెందుకు చెప్పలేదు? వెలుతురు బాగుంటదన్నావు. అది తెలుత్తే వెనక తలుపుకి నడవడం నేనూ నేర్చుకుందును. అబ్బులు నేర్చుకోలేదా?"

అన్ని రోజులూ నేను గాజు కిటికీకి ఇవతల ఉన్నాను. నా లైన్లన్నీ అవతలి మనుషుల ప్రాణాల గురించే. వాళ్ళలో ఒక్కరైనా నన్ను చదవలేదే అని ఆ మాట వినేదాకా నాకు తోచలేదు. ఆ పనికి ఆమె 'అయింది' కొట్టలేదు. ఇప్పటికీ ఆమె పెన్‌డ్రైవులోని నాలో ఉంది.

ఆమె ఉద్యోగం పోయింది. ఫణీంద్ర మీద, ఆమె మీద, ఇద్దరి మీదా కేసు నడుస్తోంది. నాలుగు నెలల తరవాత ఫ్యాక్టరీ కొత్త పైపులతో, కొత్త మేనేజరుతో తెరుచుకుంది. తెరిచిన రోజున ఆడవాళ్ళు గేటు దగ్గర ఆగిపోయారు. రోజూ పొద్దున ఆ జాబితా మాకు చదివి వినిపించాలి, విన్నాకే లోపలికి వస్తాం అన్నారు. ఆ షరతు పెట్టింది వీరమణి. ఆవిడకు ఇప్పుడు కోట్లు ఉతికే చోట పని.

అందుకని సువర్చల ఒక మధ్యాహ్నం టీకొట్టు బల్ల మీద అబ్బులును కూర్చోబెట్టి, ఇంకో పాత లాప్‌టాప్‌లో నన్ను ఎక్కించి, 'చేర్చు', 'చూపు', 'అయింది' మూడు మాటలూ నేర్పింది. అతను ఎనిమిదో తరగతి చదివాడు. ఒక్క వేలితో కొడతాడు. ఒక్కొక్క మీటను నొక్కే ముందు, పైపు మీద చెయ్యి పెట్టినట్టు, కాసేపు తాకి చూస్తాడు.

ఇవాళ పొద్దున కూడా గేటు ముందు నన్ను తెరిచాడు. 'చూపు' అన్నాడు. ఆ గరగర గొంతుతో చదువుతుంటే ఎనభైమంది ఒకరి మీదికొకరు వంగి విన్నారు. బెల్టు మార్చాలి. నూనె తీయాలి. బాత్రూము కుళాయి.

"నాలుగోది," అన్నాడు. "ఫ్రీజరు గది తలుపు లోపల్నించి తెరుచుకోవట్లేదు."

ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కొత్త మేనేజరు చేతి గడియారం చూసుకున్నాడు. "సాయంత్రానికి చేయించేస్తాను. సరుకొచ్చేసింది, లోపలికి పదండమ్మా."

వీరమణి నల్ల కళ్ళజోడు సర్దుకుంది. "అయ్యేక పిలవండి బాబూ. ఇక్కడే ఉంటాం." గేటు పక్క ఇసుకలో కూర్చుంది. ఆవిడ పక్కన ఇంకొకావిడ, ఆ పక్కన ఇంకొకావిడ కూర్చున్నారు.

అబ్బులు సామాను సంచీ భుజానికి తగిలించుకుని లోపలికి వెళ్ళాడు. నన్ను తెరిచే ఉంచి, వీరమణి ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. ఆవిడకు చదవడం రాదు. నా నాలుగో లైను మీద వేలు పెట్టి కూర్చుంది. నాకు భయంగానే ఉంది. ఎండ ఎక్కుతోంది. రొయ్యల లారీ కింద మంచునీళ్ళు కారి మడుగు కడుతున్నాయి. డ్రైవరు హారను మోగించాడు, మళ్ళీ మోగించాడు. ఎవరూ లేవలేదు.